ఐఐఎస్‌సీని కట్టింది ఎవరు, అది ఇలా ఎందుకు తయారైంది

మీరు అడిగిన నాలుగు ముక్కలు ముందు ఇక్కడ పెడతాను, మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కదా. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌ను (ఐఐఎస్‌సీ) వివేకానందుడి మాట విని టాటా కట్టించారన్నది నిజమేనా, అంత పెద్ద సంస్థ బొంబాయిలో కాకుండా బెంగళూరులో ఎందుకు వచ్చింది, అది యూనివర్సిటీనా లేక రీసెర్చ్ సెంటరా, ఐఐటీలకూ దానికీ సంబంధం ఏమిటి. నేను అక్కడే పీహెచ్‌డీ చేశాను, తర్వాత ఉద్యోగం వల్ల చాలా ఏళ్లు ఆ ల్యాబ్‌లతో కలిసి పనిచేశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఒక్క ముక్కలో కావాలంటే: డబ్బు మూడు చేతుల నుంచి వచ్చింది, ఆ మూడు చేతులూ మూడు వేరువేరు పనులు ఆశించాయి, ఆ లాగులాట నూరేళ్లకు పైగా సాగుతూనే ఉంది, ఐఐఎస్‌సీలో మంచి అనేది ఏదైనా ఉంటే చాలావరకు ఆ లాగులాట నుంచే పుట్టింది.

వివేకానందుడి సంగతి ముందు. 1893లో యోకొహామా నుంచి వాంకూవర్ వెళ్లే ఎంప్రెస్ ఆఫ్ ఇండియా ఓడలో జంషెడ్‌జీ టాటా, వివేకానందుడు కలిసి ప్రయాణం చేసిన మాట నిజం. ఓడ మీద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ పక్కన కూర్చుని రాసుకోలేదు, యూట్యూబ్ వీడియోల్లో వినిపించే ఆ సంభాషణలన్నీ తర్వాత అల్లినవే. మనకు గట్టిగా ఉన్న కాగితం ఒకటే, 1898 నవంబర్ 23న టాటా వివేకానందుడికి రాసిన ఉత్తరం. దాన్ని నిదానంగా చదవండి. దేశంలో ఉన్న సన్యాస భావాన్ని చంపకుండా పనికొచ్చే దారిలోకి మళ్లించాలని మీరు అన్న మాట నాకు గుర్తుంది, సైన్సు కోసం అలా బతికే మనుషులకు ఆశ్రమాల్లాంటివి కట్టాలి, ఈ ఉద్యమానికి మీలాంటివారు ముందుండాలి అని అడుగుతాడు. అంటే సంస్థ ఆలోచన అప్పటికే టాటా చేతిలో ఉంది, దానికి జనంలో వేడి పుట్టించే మనిషి కోసం ఆ ఉత్తరం రాశాడు. వివేకానందుడు ఆ బాధ్యత తీసుకోలేదు, ఆయన రామకృష్ణ మిషన్ పెట్టి అప్పటికి ఏడాదే అయింది, 1902లో పోయారు కూడా. కాబట్టి ప్రేరణ ఉందనండి, తప్పు లేదు. కానీ ఆయన చెప్పారు, ఈయన కట్టేశారు అన్నంత సులువుగా ఏమీ జరగలేదు.

టాటాకు చదువుల మీద పట్టు ఈ ఓడ ప్రయాణం కంటే ముందు నుంచే ఉంది. 1892లోనే మన కుర్రాళ్లను పై చదువులకు విదేశాలకు పంపడానికి ఒక నిధి పెట్టాడు. దాని తర్వాత మెట్టు ఏమిటంటే, ఎంతమందినని బయటికి పంపుతాం, ఆ చదువేదో ఇక్కడే పెడితే పోలా అన్నది. అప్పటి మన యూనివర్సిటీలు, బొంబాయి, మద్రాసు, కలకత్తా, ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేవి, పరిశోధన అన్నది వాటి పనిలో లెక్కకు వచ్చేది కాదు. బుర్జోర్జీ పాద్షా అనే ఆయన టాటాకు కుడిభుజం, ఆయన యూరప్, అమెరికా తిరిగి అక్కడి సంస్థలను చూసి వచ్చి ప్రణాళిక తయారు చేశాడు. ఆ మొదటి ప్రణాళిక చూస్తే ఆశ్చర్యపోతారు. అందులో సైన్సు, టెక్నాలజీ ఒక భాగమే. వైద్యం రెండో భాగం, తత్వశాస్త్రం, విద్య మూడో భాగం. చివరికి మిగిలింది మొదటిది మాత్రమే. వైద్యం భాగం మళ్లీ ఐఐఎస్‌సీ గుమ్మం ఎక్కడానికి 2022 దాకా పట్టింది, ఆ ఏడాది రెండు దంపతుల జంటలు కలిసి 425 కోట్ల రూపాయలు విరాళం ఇచ్చి క్యాంపస్‌లో మెడికల్ స్కూలు, ఆస్పత్రి మొదలుపెట్టించారు. మూడో భాగం మాత్రం పాద్షా అనుకున్న రూపంలో ఇప్పటికీ లేదు. ఆ లోటు నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది, ఇంజనీర్ల పక్కనే చరిత్రకారులూ తాత్వికులూ ఉండే చోటు మనకు ఒక్కటైనా ఉండాల్సింది.

సరే, డబ్బు. టాటా ఇస్తానన్నది బొంబాయిలో ఉన్న భవనాలు, స్థలాలు, వాటి విలువ అప్పట్లో 30 లక్షల రూపాయలు. ఆ అద్దెల మీద సంస్థ నడవాలి. 1898 డిసెంబర్ 31న కమిటీ ఈ ప్రణాళిక పట్టుకుని కొత్త వైస్రాయ్ కర్జన్‌ను కలిసింది, ఆయన బొంబాయిలో దిగి ఒక రోజే అయింది! కర్జన్ అడిగినవి రెండే ప్రశ్నలు: ఇంత పై స్థాయి చదువుకు విద్యార్థులు ఎక్కడి నుంచి వస్తారు, చదివాక వాళ్లకు ఉద్యోగాలు ఎవరిస్తారు. దీన్ని ఇవాళ దొరల అహంకారం అని తీసిపారేస్తారు, అందులో అహంకారం ఉంది కూడా, కానీ రెండో ప్రశ్న మాత్రం నిజమైన ప్రశ్నే. పరిశ్రమలే లేని దేశంలో పారిశ్రామిక కెమిస్టు ఏం చేస్తాడు? దానికి సమాధానం ఐఐఎస్‌సీ ఎలా చెప్పిందో కాసేపట్లో గంధం నూనె దగ్గర చెబుతాను.

ప్రభుత్వం విలియం రామ్సేను రప్పించింది. ఆర్గాన్, నియాన్ లాంటి వాయువులు కనిపెట్టినాయన, 1904లో నోబెల్ వచ్చింది. 1900లో ఆయన దేశం తిరిగి చూసి బెంగళూరు బాగుందన్నాడు. దీని వెనుక వాతావరణం ఒక్కటే ఉందనుకోకండి. మైసూరు సంస్థానం తరఫున దివాన్ శేషాద్రి అయ్యర్ భూమి ఇస్తాం, డబ్బు ఇస్తాం అని ముందుకొచ్చారు. మహారాజు కృష్ణరాజ ఒడయార్ అప్పటికి మైనరు, తల్లి వాణీవిలాస సన్నిధాన రీజెంటుగా రాజ్యం నడిపేది, ఆమె హయాంలో ఇచ్చిన మాట అది. 371 ఎకరాలు ఉచితంగా, కట్టడానికి 5 లక్షలు, పైగా ఏటా గ్రాంటు. టాటాకు కూడా బెంగళూరు కొత్త కాదు, జపాన్ పద్ధతిలో పట్టుపురుగులు పెంచే ఫారం అక్కడ పెట్టి ఉన్నాడు. ఇంకో విషయం తరచుగా మర్చిపోతారు: శేషాద్రి అయ్యర్ మొదలుపెట్టిన శివనసముద్రం జలవిద్యుత్తు 1902లో కోలార్ బంగారు గనులకు, 1905లో బెంగళూరు వీధులకు చేరింది. దేశంలో ఇంకా కిరసనాయిలు దీపాలే దిక్కు అన్న రోజుల్లో కరెంటు పుష్కలంగా ఉన్న ఊరు, ఎలక్ట్రికల్ టెక్నాలజీ డిపార్ట్‌మెంటు పెట్టాలంటే అంతకంటే ఏం కావాలి? అందుకే ఎవరైనా ఇది టాటాల సంస్థ అని చెప్పి ఆగిపోతే నాకు మనసు ఒప్పదు. మైసూరు ప్రజల పన్నుల డబ్బు అందులో ఉంది, మైసూరు భూమి మీద అది నిలబడి ఉంది. ఆ మహారాణి పేరు ఐఐఎస్‌సీలో చదివిన వాళ్లలోనే చాలామందికి తెలియదు.

టాటా దాన్ని చూడలేదు. 1904 మే 19న జర్మనీలో పోయాడు. కొడుకులు దొరాబ్‌జీ, రతన్‌జీ తండ్రి మాట నిలబెట్టారు, ఆస్తులు అప్పగించారు. సంస్థకు తన పేరు పెట్టొద్దన్నది ఆయన కోరిక, అది అధికారికంగా పాటించారు, కానీ బెంగళూరు జనం మాత్రం నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. రామ్సే దగ్గర పనిచేసి ఆయనతో కలిసి క్రిప్టాన్, నియాన్, జినాన్ కనిపెట్టిన మోరిస్ ట్రావెర్స్ 1906లో మొదటి డైరెక్టరుగా వచ్చాడు. 1909 మే 27న ప్రభుత్వం వెస్టింగ్ ఆర్డర్, అంటే ఆస్తులను సంస్థకు అప్పగించే ఉత్తర్వు, జారీ చేసింది, అదే పుట్టిన తేదీ. 1911 ఫిబ్రవరిలో మహారాజు శంకుస్థాపన చేశారు, జులైలో జనరల్ కెమిస్ట్రీ, అప్లైడ్ కెమిస్ట్రీ, ఎలక్ట్రికల్ టెక్నాలజీల్లో మొదటి విద్యార్థులు చేరారు. ఆలోచన చెప్పిన దగ్గర నుంచి తరగతి మొదలవ్వడానికి 12 ఏళ్లు దాటింది.

మూడు చేతులు అన్నాను కదా, టాటాలు, మైసూరు, బ్రిటిష్ ప్రభుత్వం. ట్రావెర్స్ దగ్గరే మొదటి గొడవ. తనది డైరెక్టరు కుర్చీ, సైన్సు ఏం చేయాలో తానే చెప్పాలి అని ఆయన. మా నాన్న డబ్బు పెట్టింది దేశంలో పరిశ్రమలు రావడానికి అని టాటాల పక్షం. గ్రాంటు ఇచ్చేది మేము అని ప్రభుత్వం. ట్రావెర్స్ 1914లో వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి పెద్ద తగాదాలోనూ ఇదే మూల ప్రశ్న, మనుషులే మారతారు.

అదే ఏడు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, గంధం నూనె కథ ఇక్కడ మొదలవుతుంది. మైసూరు గంధం చెట్టు అప్పట్లో సర్కారు సొత్తు, టిప్పు కాలం నుంచీ అంతే, మీ దొడ్లో మొలిచినా మీది కాదు. సర్కారు ఆ చెక్కను వేలం వేసేది, అది ఎక్కువగా జర్మనీ పోయేది, నూనె అక్కడ తీసేవాళ్లు. మనం చెక్క అమ్ముకోవడం, లాభమంతా నూనె తీసేవాడికి. యుద్ధంతో జర్మనీ దారి మూసుకుపోయింది, గోదాముల్లో చెక్క పేరుకుపోయింది, సంస్థానం ఖజానాకు దెబ్బ. విశ్వేశ్వరయ్య దివాన్‌గా ఉన్నారు (వాళ్ల పూర్వీకుల ఊరు మోక్షగుండం మన ఆంధ్రప్రదేశ్‌లోదే), ఐఐఎస్‌సీని అడిగారు. ప్రొఫెసర్ సడ్‌బరో, వాట్సన్ పనిలోకి దిగారు.

వినడానికి తేలికే, చెక్క పొడి చేసి ఆవిరి పంపితే నూనె వస్తుంది. చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది. సువాసనకు మూలమైన శాంటలాల్స్ బరువైన అణువులు, అంత సులువుగా ఆవిరిలో ఎగరవు, కాబట్టి గంటల తరబడి ఆగకుండా ఆవిరి పట్టిస్తూనే ఉండాలి. పొడి ఎంత మెత్తగా ఉండాలన్నది ఇంకో తంటా, మరీ మెత్తగా ఉంటే ముద్దకట్టి ఆవిరి ఒక పక్కనుంచే పోతుంది, ముతకగా ఉంటే లోపలి నూనె లోపలే ఉంటుంది. తీరా ఆవిరిని చల్లారిస్తే నూనె, నీళ్లు కలిసి వస్తాయి, గంధం నూనె సాంద్రత నీటికి చాలా దగ్గర, 0.97 పైచిలుకు, కొబ్బరి నూనెలా టక్కున తేలిపోదు, నిలవనిచ్చి ఓపిగ్గా విడదీయాలి. ఇవన్నీ ల్యాబ్ బల్ల మీద తేల్చుకుని, దాన్ని ఫ్యాక్టరీ సైజుకు పెంచి, 1916లో బెంగళూరులో నూనె ఫ్యాక్టరీ మొదలుపెట్టారు, మరుసటి ఏడు మైసూరులో పెద్దది. ఆ నూనె నుంచే తర్వాత మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది, ఇవాళ్టికీ మన ఇళ్లలో ఉన్నదే. కర్జన్ ప్రశ్నకు ఇది సమాధానం. పరిశ్రమ వచ్చాక కెమిస్టు రావాలని ఎవరూ ఎదురుచూడలేదు, కెమిస్టు ముందున్నాడు కాబట్టే పరిశ్రమ వచ్చింది.

ఇరవైల సంగతి దాటేస్తాను, నెమ్మదిగా నడిచిన కాలం. 1933లో సి.వి.రామన్ మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చారు, చేతిలో 1930 నోబెల్. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటే లేని చోట దాన్ని పెట్టి, కొన్నేళ్లలోనే ప్రపంచం చూసే స్థాయికి తెచ్చారు, శబ్దతరంగాల వల్ల కాంతి ఎలా చెదురుతుందో చెప్పే రామన్-నాథ్ సిద్ధాంతం ఇక్కడిదే. హిట్లర్ జర్మనీ వదిలి వచ్చిన మాక్స్ బార్న్‌ను 1935లో బెంగళూరు రప్పించి, పర్మనెంటుగా పెట్టుకుందామని పట్టుబట్టారు. ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ నిండు సభలో బార్న్‌ను తక్కువ చేసి మాట్లాడాడు, ఉద్యోగం రాలేదు, బార్న్ ఎడిన్‌బరో వెళ్లిపోయాడు, 1954లో ఆయనకు నోబెల్ వచ్చింది. బార్న్ ఉండిపోయి ఉంటే మన దేశంలో క్వాంటమ్ ఫిజిక్స్ ఎలా ఉండేదో ఊహించుకోండి.

రామన్ తప్పేమీ లేదా అంటే ఉంది. ఫిజిక్స్‌కు పెట్టింది కెమిస్ట్రీ నుంచి, ఎలక్ట్రికల్ నుంచి లాగి పెట్టారన్నది ఆరోపణ, అందులో కొంత నిజం ఉంది, పైగా ఎవరినీ బుజ్జగించే స్వభావం కాదు ఆయనది. 1936లో విచారణ కమిటీ వచ్చింది, 1937లో డైరెక్టరు పదవి వదిలేశారు, ప్రొఫెసరుగా మాత్రం 1948 దాకా ఉన్నారు. ఆయన్ను కేవలం తెల్లవాళ్ల కుట్రకు బలైన మనిషిగా చూపించే వ్యాసాలు చాలా చదివాను. కుట్ర కొంత ఉంది, కానీ ఇది పరిశ్రమకు పనికొచ్చే సంస్థా లేక శుద్ధ విజ్ఞానం కోసమా అన్న పాత తగాదా కూడా అందులో నిండా ఉంది.

రామన్ కాలం గురించి మాట్లాడితే ఇద్దరు ఆడపిల్లల పేర్లు చెప్పకుండా ఉండలేను. కమలా భాగవత్, తర్వాత సోహొనీ. 1933లో బొంబాయి యూనివర్సిటీ డిగ్రీలో ఫస్టు వచ్చి దరఖాస్తు పెడితే, ఆడపిల్ల అని రామన్ కాదన్నారు. ఆమె బెంగళూరు వచ్చి ఎందుకు కాదో చెప్పండి అని కూర్చుంది. చివరికి ఏడాది ప్రొబేషన్ మీద, మగ విద్యార్థుల దృష్టి మరల్చకూడదన్న షరతుతో తీసుకున్నారు. శ్రీనివాసయ్య గారి దగ్గర పాలు, పప్పుల్లోని ప్రొటీన్ల మీద పనిచేసింది, 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ తీసుకుంది. రెండో ఆమె అన్నా మణి. 1940లో రామన్ ల్యాబ్‌లో చేరి వజ్రాల వెలుగు మీద పనిచేసింది. వజ్రాన్ని ద్రవ వాయువు చలిలో ఉంచి, దాని నుంచి వచ్చే ఆ మసక వెలుగును ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద పట్టాలంటే ఒక్కో ఎక్స్‌పోజరుకు 15 నుంచి 20 గంటలు. ఆ మధ్యలో చలి తగ్గకూడదు, ప్లేటు కదలకూడదు. రాత్రుళ్లు ల్యాబ్‌లోనే. అలా 30కి పైగా వజ్రాలు. 1945లో థీసిస్ మద్రాసు యూనివర్సిటీకి ఇస్తే, ఎమ్మెస్సీ లేదు కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వం అన్నారు.

మద్రాసుకు ఎందుకిచ్చింది అని అడగాలి మీరు. మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడుంది. ఐఐఎస్‌సీకి అప్పట్లో డిగ్రీ ఇచ్చే అధికారమే లేదు. అసోసియేట్, డిప్లొమా లాంటివి సొంతంగా ఇచ్చుకునేది, డాక్టరేట్ కావాలంటే ఏదో ఒక యూనివర్సిటీకి థీసిస్ పంపుకోవాలి. పని చేసేది బెంగళూరులో, ముద్ర వేసేది ఇంకెక్కడో. వాతావరణ పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా చేసిన మనిషి, వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగిన మనిషి, జీవితాంతం డాక్టర్ కాకుండానే ఉండిపోయింది. ఆమె థీసిస్ బైండు చేసి రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగానే ఉంది.

ఈ అధికారం 1958లో వచ్చింది, యూజీసీ చట్టం కింద డీమ్డ్ యూనివర్సిటీ హోదా, అంటే యూనివర్సిటీతో సమానంగా లెక్కించడం, దేశంలో ఆ హోదా మొట్టమొదట అందుకున్నవాటిలో ఒకటి. ఇప్పుడు డీమ్డ్ అంటే జనం ముఖం చిట్లిస్తారు, డొనేషన్ కాలేజీలు గుర్తొస్తాయి, కానీ ఆ ఏర్పాటు అసలు పుట్టింది ఇలాంటి సంస్థల కోసం. అప్పుడు డైరెక్టరు ఎవరో తెలుసా, మన సూరి భగవంతం గారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. రామన్ కలకత్తా ల్యాబ్‌లో పనిచేసి, ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ నిలబెట్టి, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా చేసి, 1957లో ఐఐఎస్‌సీకి వచ్చారు. పుట్టింది కూడా 1909లోనే. తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. తెలుగు పిల్లలకు ఆయన పేరు పాఠాల్లో ఎందుకు లేదో నాకు నిజంగా బాధ. కాబట్టి యూనివర్సిటీనా, రీసెర్చ్ సెంటరా అంటే, 49 ఏళ్లు రీసెర్చ్ సెంటరుగా బతికి, తర్వాత చట్టం దృష్టిలో యూనివర్సిటీ అయింది. పాత అలవాటు మాత్రం పోలేదు, డిపార్ట్‌మెంటు అంటే ముందు ల్యాబ్, తర్వాతే తరగతి గది.

కొంచెం వెనక్కి వెళ్లాలి, ఐఐటీల ముక్క అక్కడుంది. రామన్ తర్వాత జ్ఞానచంద్ర ఘోష్ 1939లో డైరెక్టరు. రెండో ప్రపంచ యుద్ధం. 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టారు, విమానాలు బాగుచేసే ఫ్యాక్టరీ ఉంది, విమానం ఎందుకు ఎగురుతుందో తెలిసిన ఇంజనీరు దేశంలో దాదాపు లేడు. 1942లో ఐఐఎస్‌సీలో ఏరోనాటికల్ డిపార్ట్‌మెంటు మొదలైంది. దాన్ని నడిపిన ఘాట్గే గారు జర్మనీలో గాలి ప్రవాహాల శాస్త్రానికి పేరుపడ్డ ప్రాండ్‌ల్ దగ్గర చదువుకున్న మనిషి, తర్వాత ఫ్యాక్టరీకి వెళ్లి హెచ్‌టీ-2 శిక్షణ విమానం డిజైన్ చేశారు, అది 1951 ఆగస్టులో ఎగిరింది. మళ్లీ అదే గంధం నూనె పద్ధతి చూడండి, ఊళ్లో ఒక అవసరం, క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంటు, అక్కడి నుంచి మనుషులు ఫ్యాక్టరీకి. మెటలర్జీ, పవర్ ఇంజనీరింగ్ కూడా ఘోష్ హయాం నుంచే. ఆ ఘోష్ గారే తర్వాత ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీకి మొదటి డైరెక్టరు. అందుకని ఐఐటీ గొప్పా, ఐఐఎస్‌సీ గొప్పా అని కొట్టుకునే పిల్లలకు నేను చెప్పేది, మొదటి ఐఐటీని నిలబెట్టిన చెయ్యి ఇక్కడ పనిచేసి వెళ్లిందే. ఐఐటీలు ప్రధానంగా బీటెక్ స్థాయి ఇంజనీర్ల కోసం పుట్టాయి, ఇది డిగ్రీ అయ్యాక వచ్చేవాళ్ల కోసం పుట్టింది, తేడా పుట్టుకలో ఉంది.

ఆ రోజుల్లోనే హోమీ భాభా సెలవులకు ఇండియా వచ్చి, యుద్ధం వల్ల కేంబ్రిడ్జి తిరిగి వెళ్లలేక ఐఐఎస్‌సీలో రీడరుగా చేరారు, కాస్మిక్ కిరణాల మీద పని. విక్రమ్ సారాభాయ్ కూడా అక్కడే రామన్ దగ్గర. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ 1945 జూన్‌లో పుట్టింది ఐఐఎస్‌సీ ఆవరణలోనే, ఆ డిసెంబరుకు బొంబాయి మారింది. అణుశక్తి, అంతరిక్షం రెండింటి మొదటి మనుషులు ఒకే క్యాంపస్‌లో ఒకే కాలంలో ఉన్నారు.

సతీష్ ధావన్ దగ్గర ఆగకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. అమెరికాలో కాల్‌టెక్‌లో చదివి 1951లో చేరారు, సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ (ధ్వనికి మించిన వేగంతో గాలి పంపి విమాన నమూనాలను పరీక్షించే గొట్టం) ఇక్కడే కట్టారు. 1962లో, 42వ ఏట డైరెక్టరు. 1981 దాకా, అంటే దాదాపు రెండు దశాబ్దాలు. 1971 డిసెంబర్ 30న సారాభాయ్ హఠాత్తుగా పోయారు, ధావన్ అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో ఉన్నారు. ఇస్రో బాధ్యత తీసుకోమని ఇందిరాగాంధీ అడిగితే రెండు షరతులు పెట్టారు, ఐఐఎస్‌సీ డైరెక్టరుగా కూడా కొనసాగుతాను, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. రెండూ ఒప్పుకున్నారు. ఇస్రో బెంగళూరులో ఎందుకుంది అని చాలామంది అడుగుతుంటారు కదా, కారణాల్లో పెద్దది ఇదే. మన శ్రీహరికోటకు ఆయన పేరు ఉండటంలో అర్థం ఉంది.

ధావన్ గొప్పతనం నాకు రాకెట్ల కంటే ఇంకోచోట కనిపిస్తుంది. ఆయన కాలంలోనే జి.ఎన్.రామచంద్రన్ వచ్చి మాలిక్యులర్ బయోఫిజిక్స్ మొదలుపెట్టారు, సి.ఎన్.ఆర్.రావు ఘనపదార్థాల కెమిస్ట్రీకి ఒక యూనిట్ పెట్టారు, అదే కాలంలో ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రొఫెసర్ అమూల్య రెడ్డి 1974లో అస్త్ర అనే విభాగం పెట్టి పల్లెల కోసం పొగ తక్కువ వచ్చే పొయ్యిలు, మట్టి ఇటుకలు, బయోగ్యాస్ మీద పనిచేశారు. తుమకూరు జిల్లా పుర అనే ఊళ్లో పేడతో గ్యాసు తీసి, దాంతో ఇంజను నడిపి ఊరికి దీపాలు, కుళాయి నీళ్లు ఇచ్చారు. ఉపగ్రహం మీద పనిచేసేవాళ్లూ పొయ్యి మీద పనిచేసేవాళ్లూ ఒకే క్యాంటీన్లో కూర్చునేవాళ్లు, ఒకరి పని ఒకరికి తక్కువ అనిపించకుండా చూడటం డైరెక్టరు పనే. అస్త్రకు రావాల్సిన పేరు రాలేదు. ఇప్పటి స్టార్టప్ భాషలో చెబితే కోట్లు పెట్టేవాళ్లేమో.

ఆ తర్వాతి చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి తొందరగా ముగిస్తాను. 2011లో మొదటిసారి ఇంటర్ అయినవాళ్లకు నాలుగేళ్ల బీఎస్ కోర్సు మొదలైంది, నూరేళ్లు డిగ్రీ అయ్యాకే రండి అన్న సంస్థ తలుపు తెరిచింది. చాలామంది పాత ప్రొఫెసర్లకు అది నచ్చలేదు, నాకు మాత్రం మంచి నిర్ణయమే అనిపిస్తుంది, పద్దెనిమిదేళ్ల పిల్లలు పరిశోధన జరిగే చోట తిరగాలి, పనికిమాలిన ప్రశ్నలు అడగాలి. 2018లో కేంద్రం ఎంపిక చేసిన కొన్ని సంస్థలకే ఇచ్చే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా, చిత్రదుర్గ దగ్గర చళ్లకెరెలో రెండో క్యాంపస్ కూడా ఉంది.

మీరు బీటెక్ చదువుతున్నానన్నారు కాబట్టి ఒక సలహా. ర్యాంకులు చూసి టెన్షన్ పడే ముందు ఒకసారి వెళ్లి చూడండి. ఏటా ఒక రోజు ఓపెన్ డే పెడతారు, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, ఎవరైనా వెళ్లొచ్చు, ల్యాబ్‌లు తెరిచి పెడతారు, విద్యార్థులే నిలబడి చూపిస్తారు. మెయిన్ బిల్డింగ్ ముందు జనం ఫొటోలు దిగుతుంటారు, అక్కడ ఎక్కువసేపు ఉండకండి, నేరుగా ఏరోస్పేస్ విండ్ టన్నెల్స్ దగ్గరికి పొండి, జనం ఎగబడకముందే, పొద్దున్నే. అక్కడున్న పీహెచ్‌డీ పిల్లల్ని మీ పని దేనికోసం, డబ్బు ఎవరిస్తున్నారు అని అడగండి, ఏమీ అనుకోరు, చెబుతారు. మెటీరియల్స్, బయోకెమిస్ట్రీ వైపు కూడా అదే ప్రశ్న అడగండి. సాయంత్రానికి మీకు అక్కడ పీజీ చేయాలనుందో లేదో తేలిపోతుంది, చేయాలనిపిస్తే గేట్ పరీక్ష సంగతీ, ఏ డిపార్ట్‌మెంటుకు ఏ పేపరు అన్న సంగతీ అప్పుడు అడగండి, విడిగా రాస్తాను.